పిందెలు తుంచమన్నది మేమే!



"మా పాప ఈరోజు స్కూల్లో కీర పిందెలు తుంచేశానని సంబరంగా చెప్పింది. కాయాల్సిన పిందెల్ని తుంచడం ఏం చదువండీ?" గత పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. పందిరి మీద బీర, ఆనప తీగలు పాకించిన ఇళ్లలో పెరిగినవాళ్లం మనలో చాలామందిమి. పిందెను వేలెత్తి చూపిస్తేనే కుళ్లిపోతుందని పెద్దవాళ్లు కసిరేవారు. అలాంటిది తుంచమంటే మనసు ఒప్పుకోదు. అందుకే మన మేడ మీది పాలీహౌస్‌లో ఏడో తరగతి పిల్లలు చేస్తున్న పని వెనుక లెక్కేమిటో ఈ నెల చెబుతున్నాం.

ఈ కీర తీరు వేరు

పాలీహౌస్ చుట్టూ పురుగులు రాకుండా సన్నటి వల ఉంటుంది. పురుగులతోపాటు తేనెటీగలూ రావు. కాబట్టి పరాగ సంపర్కం లేకుండానే కాయ కాసే హైబ్రిడ్ రకాలను ఇందులో వేస్తారు. వీటికి దాదాపు ప్రతి కణుపు దగ్గరా ఆడపువ్వే వస్తుంది, కాయలో గింజలు గట్టిపడవు. పువ్వుల కొరత ఉండదు. అసలు ఇబ్బంది అవి ఎక్కువ కావడమే.

ఒక్క కాండం, ఒక్క తాడు

కీర తీగ కణుపును దగ్గరగా చూడండి. అక్కడ ఒక ఆకు, ఒక నులితీగ, పువ్వు, వాటి మధ్య నుంచి చిన్న పక్క కొమ్మ కనిపిస్తాయి. అన్నిటినీ వదిలేస్తే కొద్ది వారాల్లో అడవిలా అల్లుకుపోతుంది. కింది ఆకులకు వెలుతురు అందదు, గాలి ఆడదు, బూడిద తెగులు, బూజు తెగులు పట్టుకుంటాయి.

అందుకే సుమారు ఏడు అడుగుల ఎత్తులో కట్టిన తీగ నుంచి ప్రతి మొక్కకూ ఒక తాడు వేలాడదీస్తాం. మొదలు దగ్గర ముడి వదులుగా వేయాలి, కాండం లావెక్కుతుంది కదా! రెండు మూడు రోజులకోసారి తాడును కాండం చుట్టూ ఎప్పుడూ ఒకే దిక్కుగా తిప్పాలి. లేత చివురు జోలికి మాత్రం పోకూడదు, అది పుటుక్కున విరుగుతుంది. పక్క కొమ్మలను వేలెడు పొడవు రాకముందే గిల్లేయాలి. ముదిరాక కోస్తే గాయం పెద్దదవుతుంది. నులితీగలు పక్క ఆకులను, పిందెలను చుట్టేస్తాయి కనుక వాటినీ తీసేస్తాం.

మొదటి పిందెలు ఎందుకు వద్దు?

మొదటి ఐదారు కణుపుల దగ్గర వచ్చిన పువ్వులు, పిందెలన్నీ తీసేస్తాం. అప్పటికి మొక్కకు ఉన్నవి నాలుగైదు ఆకులే. కిరణజన్య సంయోగక్రియలో ఆ ఆకులు వండిన ఆహారాన్ని పిందె ముందుగా లాగేసుకుంటుంది. వేరుకూ చివురుకూ మిగిలేది తక్కువ. కొత్త కాపురం నిలదొక్కుకోకముందే పెద్ద అప్పు నెత్తిన పడ్డట్టు ఉంటుంది మొక్క పరిస్థితి. ఆపైన కణుపుకు ఒక్క కాయ చొప్పున ఉంచుతాం. వంకర పిందెలు తీసేస్తాం. మనం తగ్గించకపోతే మోయలేని పిందెలను మొక్కే పసుపు రంగుకు తిప్పి ఎండగొడుతుంది.

తీగ పైకి చేరాక

కాండం పై తీగ దాటాక చివురు గిల్లేస్తాం. మొక్క కొనలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ పక్క మొగ్గలను అణచి ఉంచుతుంది. కొన పోగానే ఆ పట్టు సడలి పక్క కొమ్మలు సాగుతాయి. పైనున్న రెండు కొమ్మలను మాత్రం ఉంచి చెరోవైపు కిందికి వేలాడనిస్తాం. దీన్నే గొడుగు పద్ధతి అంటారు. కింద పండిపోయిన ఆకులను ఒక్కసారికి రెండు మూడుకు మించకుండా కోస్తాం.

ఈ పనులన్నీ ఉదయం పూట, ఆకుల తడి ఆరాక చేయాలి. అప్పుడు గాయాలు సాయంత్రానికల్లా ఆరిపోతాయి. కొన్ని వైరస్‌లు రసం ద్వారా ఒక మొక్క నుంచి మరో మొక్కకు పాకుతాయి. అందుకే పిల్లలు కత్తెరను స్పిరిట్‌తో తుడుస్తారు, అనుమానంగా ఉన్న మొక్కను చివరికి ఉంచుతారు.

తల తెగిన మొక్క

ఈ మధ్య ఒక బాబు పక్క కొమ్మ అనుకుని అసలు చివురునే కత్తిరించాడు. భయపడి మాతో చెప్పలేదు. సాయంత్రం ఇంట్లో చెప్పాడు. వాళ్ల నాన్నగారు తిట్టలేదు, "పొద్దున్నే వెళ్లి టీచర్‌తో చెప్పు నాన్నా" అన్నారట. అదే ఆ మొక్కను బతికించింది. తల తెగిన తీగకు కోతకు దగ్గరగా ఉన్న పక్క కొమ్మే దిక్కు. దాన్ని తాడుకు చుడితే అదే కొత్త కాండమవుతుంది. సంగతి తెలియకపోతే మరుసటి రోజు బ్యాచ్ పిల్లలు అలవాటు ప్రకారం ఆ కొమ్మను కూడా గిల్లేసేవారే. ఇప్పుడు దానికి ఎర్ర రిబ్బన్ కట్టి ఉంది. మిగతా మొక్కల కంటే కాస్త వెనకబడినా పైకి పాకుతోంది.

ఇంట్లో పెంచుతున్నారా?

బాల్కనీలో కీర వేసే ముందు విత్తనాల ప్యాకెట్ చదవండి. మామూలు రకమైతే మొదట మగపువ్వులు వస్తాయి, ఆడపువ్వులు పక్క కొమ్మల మీద ఎక్కువగా పూస్తాయి. పువ్వు వెనుక బుల్లి పిందె ఉంటే అది ఆడపువ్వు. ఇలాంటి రకానికి పక్క కొమ్మలన్నీ గిల్లేస్తే కాపు పోతుంది. మగపువ్వులనూ తుంచకండి, తేనెటీగలు వచ్చే చోట కుండీ పెట్టండి. ఏ రకమైనా కాయ లేతగా ఉండగానే కోయండి. ముదిరిన కాయ తీగ మీదే ఉంటే కొత్త పిందెలు నిలవడం తగ్గుతుంది.

వచ్చే మీటింగ్‌కు వచ్చినప్పుడు ఒక్క పది నిమిషాలు మేడ మీదికి రండి. మీ పిల్లల్ని ఒక కణుపు దగ్గర నిలబెట్టి, "ఇందులో ఏది ఉంచాలి? ఏది తీయాలి? ఎందుకు?" అని అడగండి. జవాబు వాళ్లే చెబుతారు. తిరిగి వెళ్లేటప్పుడు రెండు కీరకాయలు పట్టుకెళ్లడం మరచిపోకండి.