సిన్మా ఒక్కటే, నవ్వులు రెండు తీర్లు

యూట్యూబ్ తెరిస్తే చాలు, ఏదో ఒక సిన్మాను ఉతికి ఆరేసే వీడియో ఎదురైతది. ఒకడు రోస్ట్ అంటడు, ఇంకొకడు ట్రోల్ అంటడు, మరొకడు ఫన్నీ రివ్యూ అంటడు. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీల శానమంది గవి చూస్తున్నరు, కొందరు సొంతంగ చేస్తున్నరు గూడ. అందుకే ఇయ్యాల గీ పనిల ముందు నడిచినోళ్ల ముచ్చట చెప్తున్న. అమెరికాల ఒక చెత్త సిన్మా మీద 1993ల ఒకసారి, 2012ల ఇంకోసారి జోకులేసిన్రు. రెండుసార్లూ పనిచేసినోళ్లల్ల ఇద్దరు వాళ్లే మనుషులు. అయినా ఆ రెండు నవ్వులు ఒక్కతీరు లేవు. ఆ తేడా ఏందో పట్టుకుంటే, మనం ఎవల మీద నవ్వుతున్నం, ఎందుకు నవ్వుతున్నం అన్నది గూడ తెలుస్తది.

పందెం మీద పుట్టిన సిన్మా

సిన్మా పేరు "మానోస్: ద హ్యాండ్స్ ఆఫ్ ఫేట్". మానోస్ అంటే స్పానిష్ భాషల చేతులు. అంటే పేరు మొత్తం తీసుకుంటే "చేతులు: విధి చేతులు" అన్నట్టు. పేరు కాడనే పని చెడ్డది.

టెక్సాస్ రాష్ట్రంల ఎల్‌పాసో అనే ఊర్ల హెరాల్డ్ వారెన్ అని ఒకాయన ఎరువులు అమ్ముకునేటోడు. స్టర్లింగ్ సిల్లిఫాంట్ అనే హాలీవుడ్ రచయితతోని పరిచయమై, దయ్యాల సిన్మా తీసుడు ఏం పెద్ద పని, ఎవడన్నా తీస్తడు అని పందెం కట్టిండు. రాసింది ఆయనే, తీసింది ఆయనే, హీరో గూడ ఆయనే. ఖర్చు సుమారు 19 వేల డాలర్లు. చాబి తిప్పితే నడిచే 16 ఎంఎం కెమెరా అది. ఒక్కసారి తిప్పితే 32 సెకండ్లకు మించి నడవదు. షూటింగ్‌ల మాటలు రికార్డు చెయ్యలే, తర్వాత కొద్దిమంది కూసొని అందరి గొంతులు వాళ్లే చెప్పిన్రు. రాత్రి సీన్లల్ల లైట్ల చుట్టూ పురుగులు ఎగురుతయి. పోలీసులు తుపాకీ చప్పుడు ఇని రెండు అడుగులేసి వెనక్కి మళ్లుతరు, ఎందుకంటే లైటు వెలుగు అక్కడికే ఉన్నది.

కథ ఏందంటే, మొగుడు, పెండ్లాం, చిన్న బిడ్డ కారుల పోతూ తొవ్వ తప్పుతరు. ఒక ఇంటికాడ ఆగుతరు. ఆ ఇంటికి కావలి టోర్గో. ఇంటి యజమాని "మాస్టర్", వానికి శానమంది పెండ్లాలు. అంతే కథ. సుమారు 70 నిమిషాల సిన్మాల పావు వంతు కారు నడుసుడు, మాట్లాడకుండ నిలబడుడు లెక్కనే అనిపిస్తది.

1966 నవంబర్ 15 నాడు ఎల్‌పాసోల మొదటి ఆట వేసిన్రు. సొంత ఊరు జనమే పడిపడి నవ్విన్రు. పందెం మాత్రం వారెన్ గెలిచినట్టే, ఎందుకంటే సిన్మా అయితే తీసిండు.

ఇప్పుడు కైకిలి ముచ్చట వినుండ్రి. నటులకు, పనోళ్లకు చేతికి పైసలియ్యలే, లాభంల వాటా ఇస్తమన్నరు. లాభమే రాలే. ముట్టింది రెండు పాత్రలకే అంటరు: చిన్న బిడ్డగ చేసిన జాకీ నేమన్‌కు ఒక సైకిలు, సిన్మాల నటించిన వాళ్ల కుక్కకు ఒక సంచి దాణా. మాస్టర్‌గ చేసింది ఆ పిల్ల నాయిన టామ్ నేమన్. ఆయన చిత్రకారుడు, సిన్మాల కనబడే బొమ్మలు, సామాను శానవరకు ఆయన చేసినయే. తెర మీద తన మాటలు వేరేటోళ్ల గొంతుతోని వచ్చేసరికి ఆ పిల్ల థియేటర్ల ఏడ్చిందట.

టోర్గోగ చేసిన జాన్ రేనాల్డ్స్ ఆ మొదటి ఆట చూడనేలేదు. నెల రోజుల ముందే, 25 ఏండ్లకే, ఆత్మహత్య చేసుకున్నడు. ఆయన పాత్ర నడుం కిందికి మేక కాళ్లున్న జీవి. దానికోసం కాళ్లకు ఏదో కట్టుకొని నటించిండు. కానీ సిన్మాల ఎక్కడా ఆ ముచ్చట చెప్పరు. చూసేటోళ్లకు లావు మోకాళ్లు, కుంటు నడక మాత్రమే కనబడ్తయి. గీ సంగతి యాదిల పెట్టుకోండ్రి, మళ్ల వస్త దీనికాడికి.

1993: తోడు కూసున్న నవ్వు

"మిస్టరీ సైన్స్ థియేటర్ 3000" అనే షోను జోయెల్ హాడ్జ్‌సన్ 1988ల మినియాపోలిస్ లోకల్ టీవీల మొదలువెట్టిండు. కథ చిన్నది. పిచ్చి సైంటిస్టులు ఒక మనిషిని అంతరిక్షంల బంధించి చెత్త సిన్మాలు చూపెడ్తరు, వాడు తట్టుకుంటడా లేదా అని పరీక్ష. వానికి తోడు వాడు చేసుకున్న రోబో బొమ్మలు. తెర కింది భాగంల కుర్చీలు, మనిషి, రెండు బొమ్మలు నీడ తీరు కనబడ్తయి. సిన్మా నడుస్తుంటే వాళ్లు మాటలు విసురుతుంటరు. దీన్నే రిఫ్ఫింగ్ అంటరు.

మనకు గిది పూర్తిగ కొత్త కాదు. తోలుబొమ్మలాటల కేతిగాడు, బంగారక్క నడుమల దూరి రాముని కథల గూడ ఊరి ముచ్చట్లు పెడ్తరు గదా. కథ ఆగదు, నవ్వు ఆగదు.

1993 జనవరి 30 నాడు ఈ షోల "మానోస్" వచ్చింది. అప్పటిదాక ఆ సిన్మాను ఎల్‌పాసో అవతల పట్టించుకున్నోళ్లు తక్కువ. షో రచయితల్ల ఒకడైన ఫ్రాంక్ కానిఫ్ టేపులు వెతుక్కుంట దీన్ని పట్టిండు. ఆ ఎపిసోడ్ ఎంత పేరు తెచ్చిందంటే, సిన్మా ఇంత ఘోరంగ ఉన్నందుకు సైంటిస్టులే ఖైదీకి క్షమాపణ చెప్తరు. ఎప్పుడూ దయ చూపనోళ్లు చెప్పిన్రు, అదే పెద్ద జోకు.

గీ నవ్వుల నాకు కనబడేది ఏందంటే, నవ్వేటోళ్లు మనతోని కలిసి కూసున్నరు. వాళ్ల వీపులు మనదిక్కు, వాళ్ల మొఖాలు తెరదిక్కు. కారు ఎంతకూ ఆగదు, వాళ్లూ విసుగుతరు, మనమూ విసుగుతం. కొన్నిసార్లు మాట రాక ఊకుంటరు. ఆ ఊకునుడే నవ్వు తెప్పిస్తది.

2012: స్టేజి మీది నవ్వు

ఆ షోల తర్వాత ముఖ్య పాత్రకు వచ్చిన మైకెల్ నెల్సన్, టామ్ సెర్వో అనే రోబోకు గొంతిచ్చిన కెవిన్ మర్ఫీ, 1997ల చేరిన బిల్ కార్బెట్, ముగ్గురు "రిఫ్‌ట్రాక్స్"ల కలిసిన్రు; దాన్ని 2006ల మొదలువెట్టింది నెల్సన్. వాళ్ల తెలివి చూడుండ్రి. పెద్ద కంపెనీల సిన్మాలను హక్కులు లేకుండ అమ్మితే కేసు అయితది. అందుకే సిన్మా ముట్టకుండ తమ జోకుల ఆడియో ఒక్కటే అమ్మిన్రు. నీ దగ్గరున్న డీవీడీ పెట్టుకో, మా ఆడియో కలుపుకో అన్నరు. కాపీరైట్ స్ట్రయిక్ పడ్డదని నెత్తి కొట్టుకునే మన యూట్యూబ్ తమ్ముళ్లు జర గమనించాల్సిన ముచ్చట ఇది.

"మానోస్"కు ఆ తిప్పలు లేకుండె. అప్పటి అమెరికా చట్టం ప్రకారం సిన్మా మీద కాపీరైట్ నోటీసు ఉండాలె, వారెన్ సిన్మా మీద లేదు. అందుకే దాన్ని పబ్లిక్ డొమైన్ సొత్తుగనే చూసిన్రు. 2012 ఆగస్టు 16 నాడు ముగ్గురు నాష్‌విల్‌ల స్టేజి మీద నిలబడి, మొత్తం కొత్త జోకులు రాసుకొని, అదే సిన్మాను ఆడించిన్రు. శాటిలైట్ల ద్వారా అమెరికా అంతట వందల థియేటర్లల్ల చూపించిన్రు.

ఇక్కడ రోబోలు లేవు, అంతరిక్షం లేదు, ఖైదీ కథ లేదు. ముగ్గురు మనుషులు, మూడు మైకులు, చేతుల కాగితాలు. వాళ్ల మొఖం జనందిక్కు. జోకు వెంట జోకు వస్తది. ఎదురుంగ వందలమంది ఉన్నప్పుడు ఖాళీ ఇడిస్తే చల్లవడ్తది గదా. ఇగ జనం పెద్దగ నవ్వినప్పుడు ఆగాలె, లేకుంటే తర్వాతి మాట ఇనరాదు. మళ్ల సిన్మా ఆగది, దాని డైలాగు టైంకు అందుకోవాలె. ఇది తేలిక పని కాదు, చేతివాటం ఉన్నోళ్లే చెయ్యగలరు. ఎన్నిసార్లు నవ్వినవ్ అని లెక్క పెట్టుకుంటే 2012దే ఎక్కువ అని నేనంట.

టోర్గో కాడ తేలుతది

మరి ఏది మంచిది? నవ్వుల లెక్క పక్కకు పెట్టి, టోర్గో కాడ చూడుండ్రి.

రెండు షోలల్ల గూడ టోర్గో నడక మీద, మోకాళ్ల మీద జోకులున్నయి. ఉండవా మరి, తెర మీద అంత వింతగ కనబడ్తుంటే. కానీ 1993 ఎపిసోడ్ ఒక అడుగు ముందుకు పోయింది. మైకెల్ నెల్సన్ స్వయంగ టోర్గో వేషం కట్టి, సిన్మా అయిపోయినాక, సైంటిస్టులకు పిజ్జా పట్టుకొని మెల్లమెల్లగ నడుసుకుంట వస్తడు. తర్వాత ఎపిసోడ్లల్ల గూడ వచ్చిండు. జనం టోర్గోను ఇష్టపడ్డరు. ఎక్కిరించుడుతోని మొదలైంది చుట్టరికమైంది. 2012ల టోర్గో మీద పడ్డ జోకులు గట్టివే, కానీ ఆ ఆట ఒడిసినాక టోర్గో మనతోని ఇంటికి రాడు.

ఇంకో తేడా గూడ ఉన్నది. 1993ల కెవిన్ మర్ఫీ గొంతు ఒక బొమ్మ నోట్లకెల్లి వచ్చింది. అదే పుల్లమాట బొమ్మ అంటే చిన్నపోరని అల్లరి తీరు ఉంటది. 2012ల అదే మనిషి తన పేరుతోని, తన మొఖంతోని అన్నడు. మాటకు పదును పెరిగింది, ముద్దు తగ్గింది. జోకు రాసుడు ఎంత ముఖ్యమో, అది ఎవల నోట్లకెల్లి వస్తున్నదన్నది గూడ అంతే ముఖ్యం.

అందుకే నా మాట ఇది: నవ్వించుట్ల కొత్తది మొనగాడు, మనసుల నిలుసుట్ల పాతది.

రెంటికీ ఒక మెచ్చుకోలు ఇయ్యాలె. ఇద్దరూ సిన్మాను మొదటికెల్లి చివరిదాక చూపెట్టిన్రు. నాలుగు ముక్కలు కోసి, ఒక మొఖం దగ్గరికి జూమ్ చేసి, మీద గాడిద అరుపు పెట్టలే. వారెన్ చేసిన ఎంపికల మీద నవ్విన్రు: షాటు ఎందుకు అంత పొడుగు, గొంతులెందుకు అట్లున్నయి, కథ ఎందుకు కదులుత లేదు.

పని చేసినోళ్లకు దీంతోని ఏం వచ్చింది? పైసలైతే ఇయ్యాలనే చట్టం లేదు, హక్కులే లేని సిన్మా గదా. నవ్వు అమ్ముడువోయింది గానీ, 1966ల వాళ్లకు రావాల్సిన కైకిలి బాకీ అట్లనే ఉన్నది. గా మాట దాచొద్దు. కానీ పేరు వచ్చింది. ఆ ఎపిసోడ్ లేకుంటే ఆ సిన్మా ఏ మూలనో మట్టిల కలిసేది. 2011ల బెన్ సోలవే అనే కెమెరామన్‌కు అసలు ఫిల్మ్ ప్రింట్ దొరికింది. జనం దగ్గర చందాలు వసూలు చేసి దాన్ని బాగుచేయించిండు. సైకిలు కైకిలిగ తీసుకున్న జాకీ నేమన్ పెద్దగయ్యి, ఆ సిన్మాతోని తన చిన్నతనం గురించి 2016ల పుస్తకం రాసింది. వేరేటోళ్ల గొంతు ఇని ఏడ్చిన పిల్ల తన మాట తనే చెప్పుకున్నది.

మన వీడియోల కాడికి వస్తే

మన తెలుగు ట్రోల్ వీడియోలల్ల గూడ మస్తు పనిమంతులున్నరు. వంద కోట్లు పెట్టి, టికెట్ ధర పెంచుకొని, కథ లేకుండ తీసిన సిన్మాను నిలదీస్తే అది నవ్వే కాదు, టికెట్ కొన్న మనిషి లెక్క అడుగుడు. దాన్ని నేను ఆపుమన.

కానీ ఇంకో తీరు గూడ నడుస్తున్నది. పల్లెల ఒక పోరడు ఫోనుతోని షార్ట్ ఫిల్మ్ తీస్తడు. లైటు లేదు, మైకు లేదు, దోస్తులే నటులు. వాని కథ గురించి ఒక్క మాట ఉండదు. వాని నల్లటి మొఖం మీద, పండ్ల మీద, యాస మీద, కట్టుకున్న బట్ట మీద కామెంట్లు. గా పోరిని గొంతు, నడుము మీద అయితే చెప్పరాని మాటలు. జాన్ రేనాల్డ్స్ మోకాళ్ల వెనక ఏమున్నదో చూసేటోళ్లకు తెల్వలే. మనం నవ్వే మనిషి వెనక ఏమున్నదో మనకు గూడ తెల్వది. అందుకే వాడు చేసిన పని మీద జోకు వెయ్యి, వాని ఒంటి మీద వెయ్యకు.

వీలైతే ఒక పని చెయ్యండ్రి. "మానోస్" ముందు పది నిమిషాలు ఉత్తగ చూడుండ్రి. తర్వాత 1993 ఎపిసోడ్, ఆ తర్వాత 2012 షో చూడుండ్రి. ఇంగ్లిష్ మొత్తం అర్థం కాకున్న ఫర్వాలేదు, ఎవలు ఎప్పుడు ఆగుతున్నరు, ఎవలు ఎప్పుడు మాట అందుకుంటున్నరు అన్నది తెలుస్తది. ఆ తర్వాత మీ వీడియోకు స్క్రిప్ట్ రాసుకున్నప్పుడు, ఆ షార్ట్ ఫిల్మ్ తీసిన పోరడు మీ పక్కన కుర్చీల కూసున్నడనుకొని ఒక్కసారి చదువుకోండ్రి. వాడు గూడ నవ్వే జోకులను ఉంచుకోండ్రి, మిగతాయి కొట్టేయండ్రి.