చెంచాడు వెనిగర్‌... కొండంత ధైర్యం!

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌... పేరు వింటేనే గుండె గుభేలుమంటుంది. నిజానికి, ముందే పసిగడితే అడ్డుకోగలిగిన క్యాన్సర్‌ ఇది. మరి పసిగట్టాలంటే పెద్దాసుపత్రీ, ఖరీదైన యంత్రాలూ ఉండాల్సిందేనా? అక్కర్లేదని నిరూపించారు ముంబయి మురికివాడల్లో పనిచేసిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు.

టాటా మెమోరియల్‌ ఆసుపత్రికి చెందిన డాక్టర్‌ సురేంద్ర శాస్త్రి బృందం 1998లో అక్కడ ఓ భారీ అధ్యయనం మొదలుపెట్టింది. 35-64 ఏళ్ల మధ్యనున్న దాదాపు లక్షన్నర మంది స్త్రీలను ఎంచుకుంది. వారిలో సగం మందికి రెండేళ్లకోసారి, నాలుగు విడతలుగా పరీక్షలు. చేసింది డాక్టర్లు కాదు... పదో తరగతి వరకూ చదివి, నాలుగు వారాల శిక్షణ పొందిన మామూలు మహిళలు!

పరీక్ష కూడా తేలికే. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్‌ ఆమ్లాన్ని పలుచగా చేసి, దూదితో గర్భాశయ ముఖద్వారానికి అద్దుతారు. నిమిషం ఆగి చూస్తే, తేడా ఉన్నచోట తెల్లబడుతుంది. అంతమాత్రాన క్యాన్సరేనని కాదు. అలాంటివారిని ఆసుపత్రికి పంపి నిర్ధారించేవారు. చికిత్సా ఉచితమే.

గడప దాటించడమే కష్టం

నొప్పీ బాధా లేనప్పుడు పరీక్షెందుకన్న సందేహం, సిగ్గు, ఫలితం ఏమొస్తుందోనన్న భయం... ఇవే అసలు అడ్డంకులు. కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి ఓపిగ్గా నచ్చజెప్పారు. పిలిచినవారిలో 89 శాతం మంది ముందుకొచ్చారు. 2013లో ఫలితాలు వెల్లడయ్యాయి. పరీక్షలు జరిగిన వర్గంలో ఈ క్యాన్సర్‌ మరణాలు 31 శాతం తక్కువ! అయితే, పోల్చి చూడటానికి మిగతా సగం మందికి అవగాహన కల్పించి సరిపెట్టడంపై విమర్శలూ వచ్చాయి.

మనమేం చేయాలి?

ఈ క్యాన్సర్‌కు ప్రధాన కారణం హెచ్‌పీవీ అనే వైరస్‌. అది సోకాక క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది. అంటే, అడ్డుకోవడానికి మనకు బోలెడు సమయం ఉన్నట్టే. 9-14 ఏళ్ల ఆడపిల్లలకు టీకా వేయించొచ్చు. 30 దాటిన స్త్రీలు పరీక్ష చేయించుకోవాలి. టీకా వేయించుకున్నా పరీక్ష తప్పదు. వెనిగర్‌ పరీక్షకన్నా కచ్చితమైన హెచ్‌పీవీ పరీక్షా ఇప్పుడుంది.

2030 నాటికి 90 శాతం బాలికలకు టీకా, 70 శాతం స్త్రీలకు పరీక్ష, వ్యాధి బయటపడినవారిలో 90 శాతం మందికి చికిత్స అందాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం. ఆ లెక్క మొదలవ్వాల్సింది మనింట్లోనే. అమ్మ, అత్తయ్య, అక్క, వదిన... ఎవరు ఇంకా పరీక్ష చేయించుకోలేదో ఇవాళే ఓసారి అడగండి.