నవలకు ఇంకా పేరు కుదరని కాలం

జనవరి 10న ఒక స్నేహితురాలు ఉత్తరం రాస్తుంది. మూడు రోజులకు జవాబు వస్తుంది. అలా మొదలైన ఉత్తరాలు డిసెంబరు 18 దాకా సాగుతూనే ఉంటాయి. మొత్తం 537 ఉత్తరాలు, దాదాపు పది లక్షల మాటలు. శామ్యూల్ రిచర్డ్‌సన్ 1747-48లో ఏడు సంపుటాలుగా అచ్చువేసిన 'క్లారిసా' నవల అది. ఇష్టంలేని పెళ్లి తప్పించుకోబోయి ఒక దుర్మార్గుడి వలలో పడిన అమ్మాయి కథ. ఈ నవలను కొందరు పాఠకులు ఏ తేదీ ఉత్తరాన్ని ఆ తేదీనే తెరిచి, ఏడాది పొడవునా చదువుతారు. వేసవి గడిచి చలికాలం వచ్చేసరికి క్లారిసా తమ ఇంటి పిల్ల అయిపోతుంది. రిచర్డ్‌సన్ నాటి పాఠకులదీ ఇదే పరిస్థితి. సంపుటాలు ఒక్కొక్కటే వెలువడుతుంటే, ఆ అమ్మాయిని చంపవద్దని లేడీ బ్రాడ్‌షే అనే పాఠకురాలు మారుపేరుతో రచయితకు ఉత్తరాలు రాసింది. ఆయన వినలేదు.

18వ శతాబ్దపు బ్రిటిష్ నవలను ఎం.ఏ., పీహెచ్‌డీ స్థాయిలో చదవడమంటే ఇలాంటి పుస్తకాలతో నెలల తరబడి కాపురం చేయడమే. బ్రిటన్‌లో ఎం.ఏ. సాధారణంగా ఏడాది చదువు. యార్క్ విశ్వవిద్యాలయం లాంటి చోట్ల ఈ శతాబ్దానికే ప్రత్యేక అధ్యయన కేంద్రం ఉంది. అమెరికాలో పీహెచ్‌డీ విద్యార్థి థీసిస్ మొదలుపెట్టే ముందు పెద్ద జాబితాలోని పుస్తకాలు చదివి, ప్రొఫెసర్ల ముందు పరీక్షకు నిలబడాలి. డిగ్రీలో కథ, పాత్రలు, శైలి తెలిస్తే సరిపోతుంది. ఇక్కడ ఆ మూడూ తెలిశాకే అసలు చదువు మొదలవుతుంది.

'రాబిన్సన్ క్రూసో'నే తీసుకోండి. ఓడ పగిలి దీవిలో చిక్కుకున్న మనిషి, మేకలు, పాదముద్ర, ఫ్రైడే అనే సేవకుడు. మనలో చాలామందికి అది చిన్నప్పుడు చదివిన సాహసగాథ. పీజీ విద్యార్థి పూర్తి పుస్తకం తెరిస్తే వేరే క్రూసో కనిపిస్తాడు. అతనికి బ్రెజిల్‌లో తోట ఉంది. ఓడ పగిలింది బానిసల కోసం ఆఫ్రికా తీరానికి వెళ్తున్న ప్రయాణంలోనే. అంతకుముందు, తనతోపాటు చెర నుంచి తప్పించుకుని కష్టసుఖాలు పంచుకున్న జూరీ అనే కుర్రవాడిని 60 వెండి నాణేలకు ఒక ఓడ కెప్టెన్‌కు అప్పగించేశాడు. ఫ్రైడేకు తన పేరు 'యజమాని' అని నేర్పాడు. పిల్లల కోసం కుదించిన పుస్తకాల్లో చాలావరకు ఎగిరిపోయేవి ఈ సంగతులే. విమర్శకుడు ఎడ్వర్డ్ సయీద్ 1993లో 'కల్చర్ అండ్ ఇంపీరియలిజం' రాసిన తర్వాత క్రూసో దీవిని సామ్రాజ్య చరిత్ర నుంచి విడదీసి చదవడం కష్టమైపోయింది.

మరో విశేషం. 1719 ఏప్రిల్‌లో ఆ పుస్తకం వచ్చినప్పుడు ముఖపత్రం మీద రచయిత డేనియల్ డీఫో పేరు లేదు. క్రూసో స్వయంగా రాసుకున్నదని ఉంది. ఇది కల్పన అని పాఠకుడికి చెప్పడానికి రచయితలు ఇంకా సిద్ధపడని రోజులవి. ఈ ప్రక్రియకు పేరు కూడా స్థిరపడలేదు. ఒకరు 'చరిత్ర' అన్నారు, ఒకరు 'జీవితం' అన్నారు. హెన్రీ ఫీల్డింగ్ 1742లో 'జోసెఫ్ ఆండ్రూస్' ముందుమాటలో, తన రచన గద్యంలో సాగే హాస్య మహాకావ్యమని వివరించాడు. నవల అంటే ఇదీ అని తేల్చిన లక్షణ గ్రంథమేదీ వాళ్ల ముందు లేదు. రాస్తూ, ఒకరినొకరు ఖండిస్తూ, వెక్కిరిస్తూ దాన్ని తయారుచేసుకున్నారు. 1740లో రిచర్డ్‌సన్ 'పమేలా' వచ్చింది. పదిహేనేళ్ల పనిపిల్ల యజమాని వేధింపులను తట్టుకుని, చివరికి అతని భార్య అవుతుంది. ఊరంతా దాని గురించే మాట్లాడుకుంది, విసనకర్రల మీదకూ ఆ కథ బొమ్మలెక్కాయి. మరుసటి ఏడాదే ఫీల్డింగ్ 'షమేలా', ఎలైజా హేవుడ్ 'యాంటీ-పమేలా' ఆ పిల్ల సుగుణాలను ఎద్దేవా చేస్తూ వచ్చాయి. సెమినార్‌లో ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చదువుతారు. ఒక కొత్త ప్రక్రియ పోట్లాడుకుంటూ పెరగడం కళ్లకు కడుతుంది.

నవల ఆ కాలంలోనే ఎందుకు పుట్టిందన్నది పెద్ద చర్చ. విమర్శకుడు ఇయాన్ వాట్ 1957లో 'ది రైజ్ ఆఫ్ ది నావెల్' రాశారు. మధ్యతరగతి పెరగడం, చదివేవాళ్లు పెరగడం, వ్యక్తికి విలువ రావడం వల్ల డీఫో, రిచర్డ్‌సన్, ఫీల్డింగ్‌ల చేతుల్లో వాస్తవిక నవల పుట్టిందన్నది ఆయన వాదం. ఈ రంగంలో అడుగుపెట్టే ప్రతి విద్యార్థీ ఈ పుస్తకం చదువుతాడు, ఆ వెంటనే దానిమీద వచ్చిన అభ్యంతరాలూ చదువుతాడు. ముగ్గురు మగవాళ్లతోనే కథ ఎలా పూర్తవుతుందని స్త్రీవాద విమర్శకులు అడిగారు. 'రాబిన్సన్ క్రూసో' వచ్చిన 1719లోనే హేవుడ్ రాసిన 'లవ్ ఇన్ ఎక్సెస్' కూడా వెలువడడం మొదలై, విపరీతంగా అమ్ముడుపోయింది. భారతీయ మూలాలున్న ఆచార్యుడు శ్రీనివాస్ ఆరవముదన్ 2012లో మరో ప్రశ్న లేవదీశారు. 'అరేబియన్ నైట్స్' తరహా ప్రాచ్య కథలను ఆ శతాబ్దమంతా ఇంగ్లండ్ ఇష్టంగా చదివింది కదా, వాస్తవిక నవల ఒక్కదానికే పట్టం కట్టి వాటిని ఎందుకు పక్కకు నెట్టాం అని.

ఆ రోజుల్లో ఆడవాళ్లు రాయడం ఎలా ఉండేదో ఫ్రాన్సిస్ బర్నీ అనుభవం చెబుతుంది. తండ్రి రాతప్రతులకు శుద్ధప్రతి రాసిపెట్టే పని ఆమెది. అందుకని 'ఎవలీనా'ను అచ్చుకు ఇచ్చేటప్పుడు, అచ్చుపనివాళ్లు తన దస్తూరి పోల్చుకుంటారేమోనని వంకర రాత అలవాటు చేసుకుని మొత్తం తిరగరాసింది. తమ్ముడు చార్లెస్‌కు పాత కోటు, పెద్ద టోపీ తొడిగి చీకటిపడ్డాక ప్రచురణకర్త దగ్గరికి పంపింది. 1778లో పేరు లేకుండా వచ్చిన ఆ నవలకు ఆమెకు ముట్టింది 20 గినీలు. నవల పెద్ద విజయం సాధించింది. ఆ చార్లెసే తర్వాతి కాలంలో పాత వార్తాపత్రికలను సంపుటాల కొద్దీ పోగుచేశాడు. అవిప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఏ నవలకు ఏ రోజున ప్రకటన వేశారు, వెల ఎంత అని వెతికే పరిశోధకులు నేటికీ వాటినే తిరగేస్తారు.

ఈ చదువులో పుస్తకాన్ని వస్తువుగా కూడా చూడాలి. లారెన్స్ స్టెర్న్ 'ట్రిస్ట్రమ్ షాండీ'లో ఒక పాత్ర చనిపోయినప్పుడు పేజీ మొత్తం నల్లగా ఉంటుంది. 1761 నాటి మూడో సంపుటంలో రంగురంగుల అలల కాగితం ఒకటి ఉంటుంది. దాన్ని ప్రతి కాపీకి విడిగా చేత్తో అద్దారు. కాబట్టి ఏ రెండు కాపీల్లోనూ ఆ పేజీ ఒకేలా ఉండదు. అది చూడాలంటే అరుదైన పుస్తకాల గదికి వెళ్లాలి. అక్కడ పెన్నుకు అనుమతి ఉండదు, పెన్సిలే. అంత దూరం వెళ్లలేనివారికి 2003లో మొదలైన 'ఎయిటీన్త్ సెంచరీ కలెక్షన్స్ ఆన్‌లైన్' ఆధారం. 1,80,000కు పైగా ఆనాటి ప్రచురణల పేజీల ఫొటోలు అందులో ఉన్నాయి. అయితే అప్పటి అచ్చులో 'ఎస్' అక్షరం చాలాచోట్ల పొడుగ్గా, దాదాపు 'ఎఫ్'లా ఉండేది. యంత్రం దాన్ని తప్పు చదువుతుంది. అందువల్ల వెతికిన మాట దొరకలేదంటే అది పుస్తకంలో లేదని అర్థం కాదు.

ఇంత దూరపు చదువుతో తెలుగువారికి నేరుగా ఒక చుట్టరికం ఉంది. ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1766లో వెలువరించిన 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్', ఆస్తి పోగొట్టుకుని కష్టాలపాలైన మతాచార్యుడి కుటుంబ కథ. దాని ప్రేరణతో కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము' రాశారు. 1878లో 'వివేకవర్ధని' పత్రికలో అది వెలువడడం మొదలైంది. కథ ధవళేశ్వరానికి వచ్చింది, మూఢనమ్మకాలు, రసవాదం పిచ్చి, కట్టుబాట్లు అందులోకి చేరాయి. వీరేశలింగం దాన్ని నవల అనలేదు, వచన ప్రబంధం అన్నారు. 'నవల' అన్న మాట కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి విమర్శతో వాడుకలోకి వచ్చింది. కొత్త ప్రక్రియకు పాత కావ్యాల పేరు అరువు తెచ్చుకున్న ఫీల్డింగ్ అవస్థే, నూటముప్పై ఆరేళ్ల తర్వాత రాజమండ్రిలోనూ ఎదురైంది. మన రచయిత ఆ ఇంగ్లీషు నవలలో దేన్ని ఉంచుకున్నారు, దేన్ని వదిలేశారు, గోదావరి ఒడ్డున ఏది కొత్తగా మొలిచిందన్నది మంచి పరిశోధనాంశం.

ఆ పనికి రెండు పుస్తకాలనూ మూలంలో చదవగలవారు కావాలి. ఇంగ్లీషు ఎం.ఏ.లో చేరిన తెలుగు విద్యార్థికి ఆ అర్హత పుట్టుకతోనే ఉంది. థీసిస్ కోసం అంశం వెతుక్కుంటున్నవారు ముందు 'వికార్'తో మొదలుపెట్టవచ్చు. అది చిన్న పుస్తకం, వారంలో అయిపోతుంది. ఆ వెంటనే 'రాజశేఖర చరిత్రము' తెరవండి.