నేర్చుకోవడమంటే...

విద్యుత్ కేంద్రంలో టర్బైన్‌ను ఆపిన తరువాత కూడా రోటారును నెమ్మదిగా తిప్పుతూనే ఉండాలన్న నియమాన్ని కొత్త శిక్షణార్థులందరూ మొదటి వారంలోనే అప్పజెబుతారు. ఎందుకని అడిగితే మాత్రం చాలామంది "మాన్యువల్‌లో అలా ఉందండీ" అంటారు. నిమిషానికి 3000 చుట్లు తిరిగిన ఆ ఉక్కు ఇరుసు వేడిమీదనే నిశ్చలమైతే, కేసింగ్ లోపలి వేడి పైకి చేరడంవల్ల దాని పైభాగం కిందిభాగం కన్న ఎక్కువ వ్యాకోచిస్తుంది. ఇరుసు విల్లులా పైకి వంగుతుంది. మిల్లీమీటరులో కొద్ది భాగం వంగినా చాలు, మళ్ళీ నడిపినప్పుడు కంపనాలు పెరిగి సీళ్ళు ఒరుసుకుంటాయి.

తిప్పే పని బారింగ్ గేరుది. దాని మోటారే మొరాయిస్తే? బటన్‌ను మాత్రమే నేర్చినవాడు బటన్ దగ్గరే నిలబడతాడు. వేడి సంగతి గ్రహించినవాడు బేరింగులకు నూనె అందుతున్నదని చూసుకొని, కొంత వ్యవధికొకసారి ఇరుసును చేతితో సగం చుట్టు తిప్పిస్తాడు. ఇదీ మాన్యువల్‌లో ఉన్నదే, కాని అర్ధరాత్రి పుటలు తిరగవేసే తీరిక ఎవరికి?

మాతోబాటు చేరినవారు ఒక్కొక్కరే పదవీ విరమణ చేస్తున్నారు. వారి అప్పగింత పట్టికల్లో తాళాలు, ఫైళ్ళు, పనిముట్లు ఉంటున్నాయి; "ఎందుకు" అన్న గడి లేదు. అందుచేత మేము నియమాలు అప్పజెప్పించుకోవడం మాని, "మోటారు తిరగడం లేదనుకోండి, ఇప్పుడేం చేస్తారు?" అని అడుగుతున్నాము. మొన్న ఒక అమ్మాయి జవాబుకు ముందు, "కేసింగ్ ఉష్ణోగ్రత ఎంత ఉన్నదండీ?" అని మమ్మల్నే ఎదురు ప్రశ్నించింది.