ఆయిల్ ఇంజను తాళం తప్పిందా? విప్పే ముందు పొగ చూడండి

వరి చిరుపొట్ట మీదుంది. వంతు వచ్చినా శివారు బోదెలోకి నీరెక్కలేదు. మురుగు కోడులో నీళ్లున్నాయి కదా అని షెడ్డులో ఉన్న పాత ఆయిల్ ఇంజను బయటకు లాగారు. హ్యాండిల్ తిప్పితే స్టార్టయింది. పావుగంట బాగానే తోడింది. ఆ తర్వాత దడదడలాడటం మొదలుపెట్టింది. పైపులో ధార సన్నబడింది. చివరకు ఇంజను ఆగిపోయింది. ఇలాంటి రోజు మీకూ ఎదురయ్యే ఉంటుంది.

మొవ్వ మండలం కూచిపూడి దగ్గర ఎకరంన్నర కౌలు చేసే ఒక రైతుకు సరిగ్గా ఇదే జరిగింది. మెకానిక్కు వచ్చి చూసి ‘రింగులు పోయాయి’ అన్నాడు. ఇంజను విప్పారు. కొత్త రింగులు, కొత్త లైనరు వేశారు. రెండు రోజులు చేను ఎండింది, అప్పు తెచ్చిన డబ్బు ఖర్చయింది. తీరా బిగించాక మళ్లీ పావుగంటే నడిచింది. పక్క చేను పెద్దాయన వచ్చి డీజిల్ ట్యాంకు మూత వదులు చేశాడు. అంతే, ఇంజను సాఫీగా అందుకుంది! మూతకున్న సన్నటి రంధ్రం బురదతో పూడుకుపోవడమే అసలు లోపం. ట్యాంకులోకి గాలి చొరబడక డీజిల్ కిందికి దిగలేదు. ఒక పుల్లతో పోయే జబ్బుకు పెద్దాపరేషను చేసినట్లయింది.

విజయవాడ దగ్గర కృష్ణపై 1855లో ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. కాలువ మొదట్లో ఉన్న పొలాలకు నీరు తనంతట తనే పారుతుంది. శివారు పొలాలకు మాత్రం నీరు తగ్గిన ప్రతిసారీ ఇంజనే దిక్కు. కరెంటు మోటార్లు ఎన్ని వచ్చినా, కరెంటు లైను లేని చేలో ఇంజను ఆగితే తడి ఆగినట్లే. అందుకే ఇంజను మొరాయించినప్పుడు ఖర్చు లేని పరీక్షలు ముందు, ఖర్చున్నవి చివర చేయాలి. ఈ వరస తప్పకుండా ఉంటే చాలా లోపాలు మీ చేతిలోనే బాగవుతాయి.

ఇంజను అడిగేవి మూడే

డీజిల్ ఇంజనులో నిప్పు రవ్వ వేసే ప్లగ్గు ఉండదు. పిస్టన్ పైకి వస్తూ గాలిని బాగా నొక్కుతుంది. మన దగ్గర ఎక్కువగా కనిపించే 5 హార్స్‌పవర్ ఇంజన్లలో గాలి పదహారు, పదిహేడో వంతుకు కుదించుకుపోతుంది. ఆ ఒత్తిడికి గాలి బాగా కాగి ఉంటుంది. అందులోకి నాజిల్ నుంచి డీజిల్ మంచులా పడగానే అంటుకుంటుంది. జర్మనీ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపిన పద్ధతి ఇదే. అంటే మంచి గాలి, మంచి డీజిల్, సరైన కంప్రెషన్ - ఈ మూడే కావాలి. వీటిలో ఏది తగ్గినా శక్తి తగ్గుతుంది.

నిమిషానికి 1500 చుట్లు తిరిగే సింగిల్ సిలిండరు ఇంజను సెకనుకు పన్నెండు సార్లు పేలుతుంది. అన్ని దెబ్బలు మనం లెక్కపెట్టలేం గానీ, ఒక దెబ్బ తప్పితే చెవికి తెలిసిపోతుంది. మృదంగం వింటూ పెరిగిన కూచిపూడి వారికి ఇది వేరే చెప్పాలా? బాగున్నప్పుడు మీ ఇంజను చప్పుడు ఎలా ఉంటుందో ఒకసారి శ్రద్ధగా విని గుర్తుంచుకోండి.

పొగ రంగు చెప్పే మాట

స్పానరు పట్టుకునే ముందు సైలెన్సరు వైపు చూడండి.

నల్ల పొగ వస్తుంటే డీజిల్ ఎక్కువైందనో, గాలి చాలడం లేదనో అర్థం. ఎయిర్ క్లీనరు పూడుకోవడం, సైలెన్సరులో మసి పేరుకోవడం, నాజిల్ చెడిపోవడం, ఇంజనుపై మోయలేని లోడు పడటం దీనికి కారణాలు.

తెల్ల పొగ వస్తుంటే డీజిల్ కాలకుండా బయటకు పోతోందన్న మాట. చల్లటి ఉదయం స్టార్టు చేయగానే కాసేపు తెల్ల పొగ రావడం మామూలే. ఇంజను వేడెక్కాక కూడా ఆగకపోతే కంప్రెషన్, నాజిల్, టైమింగు చూడాలి. డీజిల్‌లో నీళ్లున్నా, సిలిండరులోకి నీరు దిగుతున్నా తెల్ల పొగే వస్తుంది.

నీలి పొగ వస్తుంటే ఇంజను ఆయిల్ కాలుతోంది. రింగులు, లైనరు అరిగిన అనుమానం ఇక్కడే రావాలి. ఆయిల్ గుర్తుకు మించి పోసినా నీలి పొగ వస్తుంది కాబట్టి ముందు ఆయిల్ పుల్ల తీసి చూడండి.

పొగ పెద్దగా లేకుండా ఇంజను నీరసించి ఆగిపోతే డీజిల్ అందడం లేదని ముందుగా అనుమానించాలి. పైన చెప్పిన కౌలు రైతు ఇంజను సరిగ్గా ఇలాగే ఆగింది.

ముందు గాలి

నూర్పిళ్ల దుమ్ము, ఊక ధూళి ఎయిర్ క్లీనరును ఇట్టే పూడ్చేస్తాయి. దుమ్ము లేని చోట ఇంజను నడుపుతూ క్లీనరును ఒక్క నిమిషం తీసి చూడండి. నల్ల పొగ తగ్గి ఇంజను అందుకుంటే లోపం క్లీనరుదే. పరీక్ష అయ్యాక వెంటనే బిగించాలి. క్లీనరు లేకుండా తోడితే దుమ్ము లోపలికి పోయి రింగులు నిజంగానే అరుగుతాయి.

ఆయిల్ గిన్నె ఉన్న క్లీనరైతే పాత ఆయిల్ పారబోసి, అడుగున చేరిన మడ్డి కడిగి, గుర్తు వరకే కొత్త ఆయిల్ పోయాలి. ఎక్కువ పోస్తే ఇంజను ఆ ఆయిల్‌నే పీల్చుకుని అదుపు తప్పే ప్రమాదం ఉంది.

తర్వాత డీజిల్

మొదట ట్యాంకు మూత రంధ్రం పొడవండి. ఆ తర్వాత ట్యాంకు అడుగున ఉన్న డీజిల్ కొంచెం గాజు సీసాలోకి పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. నీళ్లుంటే అడుగుకు దిగి విడిగా కనపడతాయి. సగం ఖాళీ డ్రమ్ములో నెలల తరబడి డీజిల్ నిల్వ ఉంచితే చెమ్మ చేరడం ఖాయం. వాన నీరు దిగే మూత అయితే మరీను. అలాంటి డీజిల్‌ను పూర్తిగా తీసేసి, ట్యాంకు కడిగి, ఫిల్టరు మార్చాలి.

డీజిల్ పైపులో గాలి చేరినా ఇంజను ఒకసారి ఎగసి, ఒకసారి పడుతూ నడుస్తుంది. ట్యాంకు నిండా డీజిల్ పోసి, ఫిల్టరు మీది గాలి స్క్రూ వదులు చేయండి. బుడగలు పోయి డీజిల్ నిండుగా వచ్చాక బిగించండి. తర్వాత డీజిల్ పంపు దగ్గర స్క్రూ ఉంటే అక్కడా ఇలాగే చేయండి. మళ్లీ మళ్లీ గాలి చేరుతుంటే పైపు జాయింట్ల దగ్గర వాషర్లు చూసుకోవాలి. గాలి లేకపోయినా ఇంజను ఇలాగే ఊగుతుంటే గవర్నరు కడ్డీ ఎక్కడైనా పట్టేసిందేమో చూడండి.

లోపం పంపుదేమో చూశారా?

నీళ్లు తగ్గగానే తప్పంతా ఇంజను మీద వేస్తాం. ఇంజను తేలిగ్గా, పొగ లేకుండా తిరుగుతూ ధార మాత్రం సన్నబడితే లోపం పంపు వైపే ఉంది. ఫుట్‌వాల్వు జల్లెడకు గుర్రపుడెక్క వేర్లు, తూటుకాడ చుట్టుకున్నాయేమో చూడండి. పీల్చే పైపు జాయింట్లలో గాలి దూరుతోందేమో చూడండి. బెల్టు వదులై జారుతుంటే కాలిన వాసన వస్తుంది.

ఇంజను మూలుగుతూ నల్ల పొగ కక్కుతుంటే దాన్ని ఆపి, బెల్టు తీసి పంపును చేత్తో తిప్పండి. బిగుసుగా ఉంటే గ్లాండు అతిగా బిగించారనో, బేరింగు పోయిందనో తెలుసుకోవాలి. తిరుగుతున్న బెల్టు దగ్గర చెయ్యి గానీ, పంచె కొస గానీ, తువ్వాలు గానీ ఉండకూడదు.

కంప్రెషన్ చేతికే తెలుస్తుంది

గాలి, డీజిల్, పంపు బాగున్నాయని తేలాకే లోపలికి వెళ్లాలి. ఇంజను ఆపి, డీజిల్ కట్టేసి, కంప్రెషన్ వదిలే లీవరు వాడకుండా ఫ్లైవీలును చేత్తో మెల్లగా తిప్పండి. బాగున్న ఇంజనైతే ఒక చోట గట్టిగా ఎదురు తన్నుతుంది. ఎక్కడా అడ్డం లేకుండా సులువుగా తిరిగిపోతే కంప్రెషన్ పోయినట్లే.

అప్పుడు కూడా రింగులే అనుకోవద్దు. ముందుగా టాపెట్ల సందు గేజితో చూపించండి. ఆ సందు ఎంత ఉండాలో మీ ఇంజనుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. సందు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ కారిపోతుంది. వాల్వుల మీద మసి చేరినా అంతే. హెడ్డు గ్యాస్కెట్ దగ్గర బుసబుస శబ్దం, ఆయిల్ తడి ఉంటే గ్యాస్కెట్ పోయిందని అనుమానించాలి. ఇవన్నీ బాగుండి, నీలి పొగ కూడా వస్తుంటే అప్పుడు రింగులు, లైనరు మాట.

నాజిల్ పరీక్ష మాత్రం మీరు చేయవద్దు. చాలా ఇంజన్లలో నాజిల్ నుంచి డీజిల్ చదరపు సెంటీమీటరుకు సుమారు 200 కిలోల ఒత్తిడితో చిమ్ముతుంది. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. సూది గుచ్చినంత గాయమే కనపడినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిందే. నాజిల్ విప్పి, పరీక్ష మిషను ఉన్న షాపుకు పంపండి. విజయవాడ ఆటోనగర్‌లో ఈ పని చేసేవారు ఉన్నారు.

వేడెక్కితే ఆగండి

కోడు నీటిలోని ఒండ్రు ఇంజను నీటి దారుల్లో పేరుకుంటుంది. సముద్రం వైపు కోడూరు, నాగాయలంక ప్రాంతాల్లోనైతే ఉప్పు నీటి బాధ కూడా ఉంది. చల్లదనం అందక ఇంజను వేడెక్కి శక్తి కోల్పోతుంది. అలాంటప్పుడు ఆపి, నెమ్మదిగా చల్లారనివ్వండి. మండే ఇంజను మీద చల్లటి నీళ్లు పోస్తే హెడ్డు పగులుతుంది.

ఆయిల్ పుల్లకు పాలలాంటి తెల్లటి నురుగు అంటితే ఆయిల్‌లో నీరు కలిసిందని అర్థం. పోయకుండానే ఆయిల్ మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తుంటే డీజిల్ లోపలికి కారుతోంది. ఈ రెండిట్లో ఏది కనపడినా ఇంజను నడపకూడదు.

లీటరు లెక్క రాసుకోండి

5 హార్స్‌పవర్ ఇంజను నిండు లోడు మీద గంటకు సుమారు ఒక లీటరు డీజిల్ తాగుతుంది. ఖాళీ ట్యాంకులో లీటరు కొలిచి పోసి ఎంతసేపు నడిచిందో గడియారం చూడండి. ఇంజను బాగున్నప్పుడే ఈ లెక్క రాసి షెడ్డు గోడకు అంటించండి. అదే ధారకు డీజిల్ ఎక్కువ తాగుతోందంటే, పూర్తిగా మొరాయించక ముందే లోపం తెలిసిపోతుంది. పరీక్ష అయ్యాక ట్యాంకు మళ్లీ నింపి గాలి తీయడం మరవొద్దు.

ట్రాక్టరుకైనా, పాత డీజిల్ కారుకైనా ఇదే వరస. పెట్రోలుతో నడిచే చిన్న ఇంజనైతే అదనంగా ప్లగ్గు తీసి చూడాలి. మసి పట్టి నల్లగా ఉంటే తుడిచి, సందు సరిచేసి పెట్టాలి. నాలుగు సిలిండర్ల బండి వణుకుతూ నడుస్తుంటే ఏదో ఒక సిలిండరు పని మానేసి ఉంటుంది. అదేదో మెకానిక్కుతో ముందు తేల్చుకోవాలి.

మరొక్క మాట. మూసిన షెడ్డులో ఇంజను నడపకండి. పొగలోని విష వాయువుకు వాసన ఉండదు, మనిషిని నిలువునా పడేస్తుంది.

మెకానిక్కును పిలవొద్దని చెప్పడం లేదు. పిలిచినప్పుడు ‘ఇంజను ఆగిపోయింది’ అని మాత్రమే చెప్పకండి. పొగ ఏ రంగు, ఎంతసేపు నడిచి ఆగింది, ఏమేం చూశారు - ఇవన్నీ వరసగా చెప్పండి. రింగులు మార్చాలంటే ‘ఎందుకు?’ అని అడగండి. మార్చిన పాత సామాను మీకే ఇమ్మనండి. పని తెలిసిన మెకానిక్కు దీనికి చిన్నబుచ్చుకోడు.

ఊడ్పుల ముందే ఒక పూట తీరిక చేసుకుని మూత రంధ్రం దగ్గర నుంచి ఆయిల్ పుల్ల దాకా చూసుకోండి. పొట్ట దశలో ఎండిన చేనుకు ఎంత బాగుచేసిన ఇంజనైనా గింజను తిరిగి తేలేదు.