మరో నికాహ్ తరువాత బిడ్డను చూసే హక్కు

జుమా నమాజు ముగిసి జనమంతా ఇళ్లకు మళ్లిన తరువాత కూడా మసీదు ఎదుటి దుకాణం పక్కన ఒక మనిషి నిలబడి ఉంటాడు. చేతిలో మిఠాయి పొట్లం. వీధి చివరి ఇంటి నుంచి తన బిడ్డను ఎవరైనా తీసుకువస్తారేమోనని ఎదురుచూస్తుంటాడు. నిన్నమొన్నటి వరకు ప్రతి శుక్రవారం పంపేవారు. ఇప్పుడు బిడ్డ తల్లికి మళ్లీ నికాహ్ అయింది. కొత్త అల్లుడి కంట పాత సంబంధం పడకూడదని ఇంటి పెద్దలు తీర్మానించారు. మరో ఊరిలో ఇదే కథ తిరగబడి నడుస్తుంది. తండ్రి రెండో భార్యను తెచ్చుకున్నాడు, బిడ్డ అతని దగ్గరే ఉన్నాడు, కన్నతల్లి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు. ఇటువంటి ఇళ్లు మన మొహల్లాలలో వెదకకుండానే కనిపిస్తాయి.

రెండో వివాహం తప్పేమీ కాదు. ఇద్దత్ గడువు పూర్తయిన స్త్రీ మరో నికాహ్ చేసుకోవటాన్ని షరీఅత్ ప్రోత్సహించిందే కాని, నిందించలేదు. చిక్కంతా మన పెద్దలు రెండు వేర్వేరు విషయాలను ఒకటిగా కలిపివేయటం వల్ల వస్తున్నది. బిడ్డ ఎవరి వద్ద పెరగాలన్నది ఒక ప్రశ్న. దానిని ధర్మవేత్తలు హిజానత్ అంటారు. దూరంగా ఉన్న తల్లి లేదా తండ్రి బిడ్డను చూడవచ్చునా అన్నది మరో ప్రశ్న. నికాహ్ వల్ల మొదటిదానికి జవాబు మారవచ్చు. రెండోదానికి మారదు.

ఒక స్త్రీ దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) సన్నిధికి వచ్చి, తన కడుపులో పెరిగి, తన పాలు తాగి, తన ఒడిలో ఒదిగిన బిడ్డను విడాకులిచ్చిన భర్త లాక్కోవాలని చూస్తున్నాడని మొరపెట్టుకున్న సంగతి అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ఆమె మరో వివాహం చేసుకోనంతవరకు బిడ్డపై ఆమెకే ఎక్కువ హక్కు ఉందని ఆయన తీర్పు చెప్పారు. ఈ హదీసులోని చివరి షరతును మాత్రమే పట్టుకొని, తల్లికి నికాహ్ అయిన మరునాడే ఆటో తీసుకొని బిడ్డ కోసం వచ్చే తండ్రులున్నారు. హనఫీ ఫిఖహ్ చెప్పేది అది కాదు. బిడ్డకు రక్తసంబంధం లేని పురుషుణ్ణి తల్లి పెళ్లాడితే ఆమె హిజానత్ హక్కు నిలిచిపోతుంది. కాని ఆ హక్కు నేరుగా తండ్రికి వెళ్లదు. ముందుగా తల్లి తల్లికి, అంటే నానీకి, ఆ తరువాత దాదీకి చెందుతుంది. ఆ రెండో వివాహం తెగిపోతే తల్లి హక్కు తిరిగి వస్తుంది.

దీనికి చరిత్రలో ఒక ఉదాహరణ ఉంది. ఇమామ్ మాలిక్ తన మువత్తాలో దానిని నమోదు చేశారు. హజ్రత్ ఉమర్ (రజి) అన్సారులకు చెందిన తమ భార్యకు విడాకులిచ్చారు. వారి కుమారుడు ఆసిమ్ తల్లివైపు పెరుగుతున్నాడు. ఆమె ఆ తరువాత మరొకరిని వివాహమాడారని చరిత్రకారులు పేర్కొన్నారు. ఒకనాడు హజ్రత్ ఉమర్ (రజి) ఖుబా వెళ్లినప్పుడు మసీదు ఆవరణలో పిల్లవాడు ఆడుకుంటూ కనిపించాడు. చేయి పట్టి వాహనంపై తన ముందు కూర్చోబెట్టుకున్నారు. పిల్లవాడి నానీ వెంటపడి వచ్చి అడ్డుకున్నది. తగవు ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి) వద్దకు చేరింది. నా కొడుకని ఈయన, నా బిడ్డ అని ఆమె. ఆమెకూ బిడ్డకూ మధ్య అడ్డురావద్దని ఖలీఫా తీర్పు ఇచ్చారు. ఉమర్ అంతటివారు మారుమాట పలుకలేదు. మన పంచాయతీలలో గొంతు పెంచే పెద్దమనుషులు ఈ ఘట్టాన్ని ఒకసారి చదవాలని మా కోరిక.

తల్లి నికాహ్‌తో హిజానత్ తప్పనిసరిగా పోతుందన్న విషయంలో కూడా ఏకాభిప్రాయం లేదు. హసన్ బస్రీ, ఇబ్నె హజ్మ్ పోదన్నారు. హిజ్రీ 7వ సంవత్సరం ఉమ్రా ముగించుకొని మక్కా నుంచి బయలుదేరుతుండగా, అమరుడైన హజ్రత్ హమ్జా (రజి) కుమార్తె వెంట పరుగెత్తుకు వచ్చింది. ఆమెను పెంచే భాగ్యం కోసం హజ్రత్ అలీ, జాఫర్, జైద్ (రజి) ముగ్గురూ వాదులాడుకున్నారు. దైవప్రవక్త (సఅసం) ఆమెను జాఫర్ ఇంటికి పంపారు, ఆయన భార్య ఆ పిల్లకు ఖాలా కాబట్టి. ఖాలాది తల్లి స్థానమని చెప్పారు. ఆ ఖాలా పెళ్లయిన స్త్రీయే! భర్త సమ్మతించిన చోట వివాహం పెంపకానికి అడ్డుకాదని కొందరు ధర్మవేత్తలు ఈ సంఘటన నుంచే గ్రహించారు.

ఇక చూసే హక్కు సంగతి. షాఫయీ, హంబలీ ఫిఖహ్‌లలో ఊహ తెలిసిన బాలుడు తల్లిని ఎంచుకుంటే రాత్రిళ్లు ఆమె వద్ద, పగలు చదువుసంధ్యల కోసం తండ్రి వద్ద ఉంటాడు. తండ్రిని ఎంచుకుంటే తల్లిని చూసి రాకుండా అతన్ని ఆపరాదు. ఆపటమంటే రక్తసంబంధాన్ని తెంచటమే, కన్నతల్లి పట్ల అవిధేయత నేర్పటమే. తల్లికి బిడ్డ కారణంగా గాని, తండ్రికి బిడ్డ కారణంగా గాని హాని కలగరాదని అల్ బఖర సూరా 233వ ఆయత్ ఆదేశిస్తున్నది. ఆ ఆదేశంలో తల్లిదండ్రులు మళ్లీ పెళ్లి చేసుకోనంతవరకే అన్న మినహాయింపు లేదు.

న్యాయస్థానాల ధోరణి కూడా తెలుసుకోవటం మంచిది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం, బిడ్డ సాధారణంగా నివసించే చోటనే పిటిషన్ వేయాలి. తండ్రి దుబాయిలో ఉన్నా, బిడ్డ కర్నూలులో ఉంటే కర్నూలులోనే. తుది తీర్పు వచ్చేలోగా బిడ్డను కలుసుకొనేందుకు మధ్యంతర ఉత్తర్వు కోరవచ్చు. కోర్టు పర్సనల్ లాను పరిగణిస్తుంది గాని, బిడ్డ క్షేమానికే పెద్దపీట వేస్తుంది. తల్లి పునర్వివాహం ఒక్కటే బిడ్డను ఆమెకు దూరం చేయటానికి కారణం కాదని సుప్రీంకోర్టు 2006లో లేఖా కేసులో చెప్పింది. అది హిందూ కుటుంబానికి చెందిన వ్యాజ్యం. 2010 నాటి అథర్ హుస్సేన్ కేసు ముస్లిం కుటుంబానిది. అందులో తల్లి మరణించింది, తండ్రి మరో వివాహం చేసుకున్నాడు. ఆ వివాహం అతన్ని అనర్హుణ్ణి చేయదు గాని, దానిని లెక్కలోకి తీసుకోవలసిందేనని కోర్టు భావించి, పిల్లలను అప్పటికి తల్లివైపు బంధువుల వద్దనే ఉంచింది. 2020లో యశితా సాహు కేసులో, బిడ్డకు తల్లిదండ్రులిద్దరి ప్రేమా దక్కాలని, దూరదేశంలో ఉన్నవారికి వీడియో కాల్ ద్వారానైనా మాట్లాడే వీలు ఉండాలని స్పష్టం చేసింది. గల్ఫ్‌లో పనిచేసే తండ్రులున్న మన కుటుంబాలకు ఈ మాట ఎంతో అవసరం.

ఖర్చుల విషయంలో మాత్రం కఠినంగానే చెప్పదలచాము. "ఆమెకు కొత్త మొగుడు వచ్చాడు, వాడే పోషిస్తాడు" అంటూ డబ్బు ఆపివేసే తండ్రి తప్పు చేస్తున్నాడు. బిడ్డ నఫఖా తండ్రి బాధ్యత, తల్లి నికాహ్‌తో అది మారుతండ్రి నెత్తికి ఎక్కదు. డబ్బు పంపలేదు కనుక బిడ్డను చూపించబోమనే తల్లివైపువారూ తప్పే చేస్తున్నారు. నఫఖా రాకపోతే దానికి వేరే దావా ఉంది. బిడ్డను తాకట్టు పెట్టటం దానికి మార్గం కాదు.

మారుతండ్రి గురించి మన సమాజంలో అనుమానాలే ఎక్కువ. హజ్రత్ ఉమ్మె సలమా (రజి) దైవప్రవక్త (సఅసం) నికాహ్‌లోకి వచ్చేటప్పుడు తనకు పిల్లలున్నారని దిగులుపడ్డారు. ఆ పిల్లలు ఆయన ఇంట్లోనే పెరిగారు. వారిలో ఒకడైన ఉమర్ పళ్లెమంతా చేయి తిప్పుతూ తింటుంటే, అల్లాహ్ పేరుతో మొదలుపెట్టి, కుడిచేత్తో, తన ముందున్నది తినమని ఆయన నేర్పారు. అయినా ఆ పిల్లవాడు ఉమర్ బిన్ అబీ సలమాగానే చరిత్రలో నిలిచాడు. తండ్రి పేరు చెరిగిపోలేదు. బడి రిజిస్టరులో కన్నతండ్రి పేరు తీసి మారుతండ్రి పేరు రాయించేవారు దీనిని గమనించాలి. బిడ్డలను తండ్రుల పేరుతోనే పిలవమని ఖుర్‌ఆన్ ఆదేశం. ఇంట్లో ఆప్యాయంగా ఏమని పిలిచినా అది వేరే సంగతి.

కొత్త భర్తకు పాత భర్త గుమ్మంలోకి రావటం ఇబ్బందిగా ఉండటం సహజమే. దానికి దారి బిడ్డను దాచటం కాదు. నానీ ఇంటిలోనో, మామూ చేతనో అప్పగింత జరిపితే మాజీ భార్యాభర్తలు ఎదురుపడే పనే ఉండదు. తండ్రి ఇంట సవతి తల్లి ఉంటే, బిడ్డ వచ్చిన రోజున ఆమె మనసు నొప్పించే ఏర్పాట్లు భర్త చేయకూడదు. బిడ్డ తిరిగి వచ్చాక "అక్కడ ఏం వండారు, ఏమన్నారు, ఆమె ఎలా చూసింది" అని కూపీ లాగటం మానాలి. మూడుసార్లు అడిగితే నాలుగోసారి బిడ్డ వెళ్లనంటాడు. అప్పుడు "వాడే రానంటున్నాడు" అని చెప్పటం తేలిక.

తలాఖ్ లేదా ఖులా కాగితం రాసేటప్పుడే ఈ విషయాలూ రాయించుకోవాలి. మెహర్, సామాను లెక్కలు రాయటానికి గంటలు గడిపే పెద్దలు బిడ్డ గురించి ఒక్క వాక్యంతో సరిపెడతారు. ఏ రోజు, ఏ గంట నుంచి ఏ గంట వరకు, ఎవరు తీసుకువెళ్లాలి, ఎవరు దింపాలి, వేసవి సెలవులలో ఎన్ని రోజులు, ఫోన్ ఏ వేళ చేయాలి, ఇద్దరిలో ఎవరికైనా మళ్లీ నికాహ్ అయితే ఈ ఏర్పాటు ఎలా కొనసాగాలి అన్నవన్నీ అందులో ఉండాలి. పండుగల సంగతి కూడా విడిగా రాయండి. రంజాన్ ఈద్ ఒకరి ఇంట, బక్రీద్ మరొకరి ఇంట, మరుసటి ఏడాది తారుమారు. కొత్త బట్టలు ఎవరు కుట్టించాలో కూడా ఆ కాగితంలోనే ఉంటే ఇంకా మంచిది.