తొందరవలన లాభమెంత?

విజయవాడ నగరమున మన పాఠశాల ద్వారము నెదుట నున్న బాటను దాటుట నానాటికి కష్టమగుచున్నది. ఉదయము గంట కొట్టుటకు ముందును, సాయంకాలము బడి విడిచినపుడును మేము ద్వారమువద్ద నిలిచి పిల్లలను దాటించుచుందుము. అచ్చట మేము చూచినదానిని, దానినుండి నేర్చినదానిని ఈ వార్షిక సంచికయందు విద్యార్థులకును తలిదండ్రులకును విన్నవించుట యుచితమని తలంచితిమి.

గడచిన వర్షకాలమున నొక సాయంకాలము ఆరవ తరగతి బాలికలిద్దరు మాతో కూడ తెల్లచారల మీదుగా బాటను దాటుచుండిరి. ఒక బస్సు మాకై ఆగినది. బాలికలు బస్సు ముందునుండి అవతలి ప్రక్కకు అడుగిడగానే, దాని కుడిప్రక్కనుండి యొక మోటారు సైకిలు దూసికొని వచ్చినది. మేము వారి చేతులు పట్టి వెనుకకు లాగితిమి. బండి హేండిలు ఒక బాలిక పుస్తకముల సంచికి తగిలి సాగిపోయినది. నడపువాడు వెనుదిరిగి యైనను చూడలేదు. మాకు పట్టరాని కోపము వచ్చినది. బాలికకు దెబ్బ తగులలేదు గాని, ఆమె చేయి మా చేతిలో చాలసేపు వణకుచునే యుండెను.

ఇట్లు నడపువారందరు దుర్మార్గులని యనుకొనుట పొరపాటు. తమ బండి ఆగుటకు ఎంత చోటు వలయునో వారిలో చాలమంది యెన్నడును లెక్కించి యుండరు. ఆ లెక్క తొమ్మిదవ తరగతి విద్యార్థులకు సులభముగా సాధ్యమగునదే.

బండి ఆగుటలో రెండు భాగములు గలవు. మొదటిది, కన్ను చూచి, మనస్సు గ్రహించి, చేయిగాని కాలుగాని బ్రేకు నొక్కువరకు పట్టు కాలము. మెలకువతో నున్నవానికి ఇది సుమారొక సెకను అనుకొందము. ఆ సెకనంతయు బండి మునుపటి వేగముతోనే పరుగెత్తును. రెండవది, బ్రేకు పట్టిన పిమ్మట బండి నిలుచువరకు సాగు దూరము. ఇది వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును. అనగా వేగము రెట్టింపైనచో ఈ దూరము నాలుగు రెట్లగును.

గంటకు 30 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఒక సెకనులో 8 మీటర్లకు పైగా పోవును. బాట పొడిగా నుండి బ్రేకులు మంచివైనచో పిమ్మట 5 మీటర్లలో నిలుచును. మొత్తము సుమారు 13 మీటర్లు. 60 కిలోమీటర్ల వేగమైనచో మొదటి సెకనులోనే దాదాపు 17 మీటర్లు, పిమ్మట 20 మీటర్లు, మొత్తము 37 మీటర్లు వలయును. ఇప్పుడు 20 మీటర్ల యెదుట నొక బిడ్డ అడ్డము వచ్చెననుకొనుడు. మొదటివాడు బిడ్డకు 7 మీటర్ల ఈవలనే నిలుచును. రెండవవాడు బిడ్డను చేరునప్పటికి బ్రేకు పట్టి 3 మీటర్లే యగును. అప్పటికి వాని వేగము గంటకు 50 కిలోమీటర్లకు మించియే యుండును. బాట తడిసియున్నచో చెప్పనక్కరలేదు.

ఇక లాభము మాట. మూడు కిలోమీటర్ల దారికి 30 కిలోమీటర్ల వేగమున ఆరు నిమిషములు, 60 కిలోమీటర్ల వేగమున మూడు నిమిషములు పట్టును. మిగులునది మూడు నిమిషములు. అవియు నగరమున మిగులవు. బెంజి సర్కిలు వంటి కూడలియందు మనలను త్రోసికొని ముందుకు పోయినవాడు ఎఱ్ఱదీపమువద్ద మన ప్రక్కనే నిలిచియుండుట నిత్యము చూచుచున్నాము.

నష్టమో యనగా, మన దేశమున 2022వ సంవత్సరమున రహదారి ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని కేంద్ర ప్రభుత్వపు లెక్కలు చెప్పుచున్నవి. వారిలో 32,825 మంది పాదచారులు. మరణములలో నూటికి 71 అతివేగమునకు సంబంధించినవి.

ఇంతవరకు ఇతరులను గూర్చి చెప్పితిమి. మా తప్పును దాచుట న్యాయము గాదు. కొన్ని యేండ్ల క్రిందట పరీక్షల దినమున ఆలస్యమైనదని, స్కూటరుపై నొక లారీకి ఎడమప్రక్కనుండి ముందుకు పోజూచితిమి. లారీ అప్పుడే ఎడమకు తిరుగుచుండెను. ఎత్తుననున్న డ్రైవరునకు తన ఎడమ చక్రముల దాపున నున్న చిన్నబండి కనబడదు. క్లీనరు తలుపు చరచి కేకవేయుటచే లారీ ఆగినది. అతడే లేనిచో ఈ వ్యాసము వ్రాయువారుండరు. మోటారు సైకిలువానిపై మాకు వచ్చిన కోపములో కొంత భాగము మాకును చెందవలసినదే.

తలిదండ్రులకొక మనవి. పదవ తరగతి బాలురు కొందరు ఇంటిబండ్లపై బడికి వచ్చుచున్నారు. పదునెనిమిదేండ్లు నిండక మోటారు బండి నడపుట చట్టవిరుద్ధము. పదునారేండ్లు నిండినవారికి 50 సి.సి. మించని ఇంజనుగల బండికి మాత్రమే లైసెన్సు లభించును. 2019లో సవరింపబడిన చట్టము ప్రకారము బాలుడు నడపినచో సంరక్షకునికి మూడేండ్లవరకు కారాగారశిక్షయు, 25,000 రూపాయల జరిమానయు విధింపవచ్చును. శిక్షకు వెఱచి కాకున్నను, పై లెక్కను ఒకమారు చేసిచూచి తాళపుచెవిని మీయొద్దనే యుంచుకొనుడు. పిల్లలను పది నిమిషములు ముందుగా పంపుడు.

విద్యార్థులారా! ఒక బండి మీకై ఆగినదని తక్కినవియు ఆగునని నమ్మకుడు. ఆగిన బస్సు అంచువద్ద నిలిచి, తల వంచి అవతలి ప్రక్కను చూచి, పిమ్మట అడుగిడుడు.

ఆ బాలిక ఇప్పుడు ఏడవ తరగతి చదువుచున్నది. దాటునప్పుడు బస్సు అంచువద్ద తాను నిలిచి, తన వెనుక వచ్చు చిన్నపిల్లలను చేయి చాచి ఆపుచున్నది. అట్లు చేయుమని మేమామెకు చెప్పలేదు.